టమాటా గట్టిదనం - జన్యువుల పాత్ర

టమాటా రైతుకు పంట పండించడం ఒక ఎత్తు అయితే, కోసిన కాయ చెడకుండా మార్కెట్‌కు చేర్చడం మరొక ఎత్తు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె నుంచి దూరప్రాంతాలకు తరలివెళ్లే లారీలలో కాయలు ఒకదానిపై ఒకటి ఒత్తుకుంటూ ప్రయాణం చేయవలసి ఉంటుంది. ఆ ఒత్తిడికి చితికిన కాయకు ధర పలకదు. దాని నుంచి కారిన రసం పక్క కాయలను కూడా కుళ్లబెడుతుంది. ధర పతనమైన రోజులలో నాలుగు రోజులు నిలువ ఉండగల కాయ రైతుకు ఎంతో కొంత వెసులుబాటు కల్పిస్తుంది. నిలువ ఉండని కాయ రోడ్డు పక్కన పారబోయవలసి వస్తుంది.

ఈ కారణంగానే టమాటా వంగడాల రూపకల్పనలో దిగుబడి, తెగుళ్ల నిరోధక శక్తితోపాటు కాయ గట్టిదనానికి కూడా ప్రాధాన్యం లభిస్తున్నది. అయితే గట్టిగా ఉండే కాయలన్నీ జన్యుమార్పిడి టమాటాలేనన్న అపోహ కొందరిలో నెలకొని ఉంది. ఇది వాస్తవం కాదు. మన దేశంలో జన్యుమార్పిడి టమాటా సాగుకు అనుమతి లేదు. మార్కెట్‌లోని గట్టి కాయలు సాధారణ సంకరణ పద్ధతిలో రూపొందిన హైబ్రిడ్ రకాలవే.

కాయ మెత్తబడడానికి కారణం:

గోడలో ఇటుకలను సున్నం పట్టి ఉంచినట్లు, కాయలోని కణాలను పెక్టిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. పచ్చికాయ దోరకు వచ్చే దశలో ఇథిలీన్ వాయువు అధికంగా ఉత్పత్తి అవుతుంది. దాని ప్రభావంతో అనేక జన్యువులు చైతన్యవంతమై, పెక్టిన్‌ను కరిగించే ఎంజైములను తయారు చేస్తాయి. కణాల మధ్య పట్టు సడలి కాయ మెత్తబడుతుంది. కండ మందం, తోలు దృఢత్వం, గింజల గదుల సంఖ్య కూడా గట్టిదనాన్ని ప్రభావితం చేస్తాయి. ఈ లక్షణాలు సైతం జన్యువుల అధీనంలోనివే. కనుక గట్టిదనం ఏ ఒక్క జన్యువు వల్లనో సిద్ధించే గుణం కాదు.

అమెరికా అనుభవం:

అమెరికాలోని కాల్జీన్ సంస్థ రూపొందించిన 'ఫ్లేవర్ సేవర్' టమాటాకు 1994లో అక్కడి ప్రభుత్వ ఆమోదం లభించింది. పెక్టిన్‌ను విచ్ఛిన్నం చేసే పాలీగెలాక్టురొనేజ్ అనే ఎంజైము ఉత్పత్తిని ఇందులో అణచివేశారు. అయినప్పటికీ కాయ గట్టిదనం ఆశించిన మేరకు పెరగలేదు. కొద్ది సంవత్సరాలలోనే ఆ టమాటా మార్కెట్ నుంచి తొలగిపోయింది. అనంతరం 2016లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం పెక్టేట్ లయేజ్ అనే మరొక ఎంజైము జన్యువును అణచివేసి, రంగు, రుచులకు భంగం కలుగకుండానే గట్టి కాయలను సాధించవచ్చునని నిరూపించింది.

హైబ్రిడ్ రకాలలో 'రిన్':

నిలువ గుణం గల అనేక హైబ్రిడ్ రకాలకు ఆధారం 1960వ దశకంలో అమెరికాలో వెలుగుచూసిన 'రిన్' అనే సహజ ఉత్పరివర్తన. తల్లిదండ్రుల నుంచి రెండు రిన్ ప్రతులు సంక్రమించిన మొక్క కాయలు ఎరుపెక్కవు. వారాల తరబడి గట్టిగానే ఉంటాయి. ఒకే ప్రతి సంక్రమించినప్పుడు కాయ నెమ్మదిగా పండి, ఎక్కువ కాలం నిలువ ఉంటుంది. ఇటువంటి హైబ్రిడ్ల నుంచి రైతులు సొంతంగా విత్తనం కట్టుకొంటే, తరువాతి పంటలో దాదాపు నాలుగవ వంతు మొక్కల కాయలు ఎరుపెక్కవు. మరొక నాలుగవ వంతు మొక్కలు త్వరగా మెత్తబడే కాయలనే ఇస్తాయి. ఈ విషయాన్ని రైతుల దృష్టికి తీసుకొనిరావలసి ఉంది.

అయితే పక్వత మందగించినప్పుడు రుచి, సువాసన కూడా కొంత తగ్గుతాయి. చారుకు, పప్పుకు నాటు టమాటాయే మేలని గృహిణులు చెప్పడంలో శాస్త్రీయమైన వాస్తవం లేకపోలేదు. గట్టిదనాన్ని, రుచిని ఒకే కాయలో సమకూర్చడమే నేడు శాస్త్రవేత్తల ముందున్న సవాలు.

భారతీయ పరిశోధనలు:

న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2010లో రెండు ఎంజైములను అణచివేసి, కాయ నిలువ కాలాన్ని 45 రోజుల వరకు పొడిగించగలిగారు. టమాటా జన్యుపటాన్ని 2012లో అంతర్జాతీయ బృందం వెల్లడించగా, 12 క్రోమోజోములలో 5వ క్రోమోజోము బాధ్యతను భారత శాస్త్రవేత్తలు నిర్వహించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ టమాటా జన్యు వనరులపై పరిశోధనలు సాగాయి.

హైబ్రిడ్, జన్యుమార్పిడి, జన్యు సవరణ అనేవి మూడు వేర్వేరు పద్ధతులు. ఒకే పంటలోని రకాలను కలపడం మొదటిది. బయటి నుంచి జన్యువును చొప్పించడం రెండవది. మొక్కలో ఉన్న జన్యువునే నిర్దిష్టంగా సరిచేయడం మూడవది. బయటి జన్యువు లేని కొన్ని తరగతుల జన్యు సవరణ మొక్కలకు కేంద్ర ప్రభుత్వం 2022 మార్చిలో జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపునిచ్చింది. వార్తలలో ఈ తేడాను పాటించడం ఎంతైనా అవసరం.

విత్తనంతోనే సరిపోదు:

మంచి రకాన్ని ఎంచుకొన్నా, కోత, నిలువలలో జాగ్రత్తలు పాటించనిదే ఫలితం దక్కదు. దూరపు మార్కెట్లకు దోర దశలోనే కోయడం, దెబ్బ తగలకుండా ట్రేలలో సర్దడం, నీడలో ఉంచడం తప్పనిసరి. పచ్చికాయలను సుమారు 12 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలువ చేయాలి. 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో అవి దెబ్బతింటాయి.

దూరపు మార్కెట్‌కు పంపే రైతుకు గట్టి హైబ్రిడ్ మేలు. సమీప రైతుబజారులో అమ్ముకొనే రైతుకు రుచిగల నాటు రకం కూడా గిట్టుబాటు కావచ్చు. కనుక క్షేత్రస్థాయి అధికారులు రైతు ఏ మార్కెట్ కోసం పండిస్తున్నదీ తెలుసుకొని, తదనుగుణంగా విత్తన ఎంపికలో సలహా ఇవ్వడం శ్రేయస్కరం.