అవ్వ కనుబొమమీది మచ్చ

మా యింట అవ్వకు ఆమధ్య ఎనభై ఏళ్ళు నిండినవి. పిల్లలు పట్టుబట్టగా అందరమూ పట్టుబట్టలు కట్టుకొని చెన్నపట్నంలో ఒక పెద్ద మాలుకు పోయి ఫొటో తీయించుకొన్నాము. మూడో అంతస్తులో, ఐస్‌క్రీము అంగడి ప్రక్కన చిన్న గది. మూడు తరాలవాళ్ళం పదకొండుమందిమి అందులో ఇరుక్కున్నాము. పావుగంటలో పని ముగిసింది. మరి కాసేపటికి పటం చేతికి వచ్చింది.

ఇంటికి వచ్చి అవ్వ కళ్ళజోడు పెట్టుకొని చూచింది. “నా చోట ఎవరినో కూర్చోబెట్టినారేమే?” అని కోడలిని అడిగింది.

నిజమే. ముఖాన ముడుత ఒక్కటి లేదు. చామనచాయ మనిషి సున్నం కొట్టిన గోడవలె తెల్లబడింది. చిన్ననాడు గడపమీద పడినప్పటి మచ్చ కనుబొమమీద ఉండవలసినది, అదీ మాయమైంది. ఆ మచ్చను తడిమే గదా మనుమలు ఆమెను కథ చెప్పమనేది!

మా నడవాలో అవ్వ పెళ్ళినాటి పటం ఉన్నది, 1964 లోనిది. ఆనాటి స్టూడియోవాళ్ళు దిద్దేవారు కారని మేము అనము. నెగెటివుమీద సన్నని పెన్సిలు ముల్లుతో దిద్ది మొటిమలూ గీతలూ దాచేవారు; అడిగితే బుగ్గలకు రంగు కూడా వేసేవారు. అయితే ఆ చేయి ఒక్కొక్క ముఖాన్ని చూచి దిద్దేది. పెళ్ళిపటంలో మచ్చ ఉన్నది. ఇప్పుడు కంప్యూటరులో మీట నొక్కితే తాతకూ మనుమరాలికీ ఒకటే పూత.

వెలుగు సంగతి మరొకటి. దీపాన్ని కాస్త ప్రక్కకు జరిపితే ముక్కు నీడ చెంపమీద పడి ముఖానికి ఎత్తుపల్లాలు వస్తాయి. మేము పోయినచోట దీపాలు రెండు మూలలా బిగించి ఉన్నవి. ఎవరు కూర్చున్నా అదే వెలుగు, ముఖం పళ్ళెంవలె చదును. గది ఇరుకు గనుక కెమెరా దగ్గరగా పెట్టక తప్పదు. మూడడుగుల దూరంనుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆరేడు అడుగులుంటే మనిషి మనిషివలె ఉంటాడు. అందరినీ పట్టించటానికి వెడల్పు లెన్సు వేస్తే అంచులు సాగుతాయి. అంచున నిలుచున్న మా బావగారు ఉన్నదానికంటె బాగా లావుగా వచ్చినారు. ఆయన కోపం ఇంకా తీరలేదు.

అక్కడి కుర్రవాణ్ణి ఏమనగలము? అతనికి అప్పగించినది ముఖాలు చూచే పని కాదు, ఫొటో అచ్చువేసిన కప్పులూ తాళపుచెవి బిళ్ళలూ అమ్మే పని.

అమెరికాలో సియర్స్, వాల్‌మార్ట్ దుకాణాలలో ఇటువంటి స్టూడియోలు నడిపిన సి.పి.ఐ. అనే కంపెనీ 2013 ఏప్రిల్‌లో అక్కడి స్టూడియోలన్నీ ఉన్నట్టుండి మూసివేసింది. ఆర్డరిచ్చినవాళ్ళు తమ పిల్లల బొమ్మలు చేతికి వస్తాయో రావోనని తల్లడిల్లినారు. అందుచేత మీరు పోయినప్పుడు కాగితంతో తృప్తిపడక, దిద్దని అసలు ఫైలు అడిగి తెచ్చుకోండి. ఎనిమిది అంగుళాలు వెడల్పు, పది అంగుళాలు పొడవు గల పటం స్ఫుటంగా రావటానికి 2400 చుక్కలు అడ్డంగా, 3000 నిలువుగా ఉంటే చాలును.

మేమూ మరునాడే పోయి అడిగినాము. కుర్రవాడు కొంత గునిసినా, వెదకి ఇచ్చినాడు. మళ్ళీ అచ్చు వేయించి అవ్వ చేతికిచ్చినాము. ఆమె కనుబొమమీద వేలు పెట్టి చూచుకొని, “ఇదిగో, ఇది నేనే” అన్నది. బావగారి లావు మాత్రం తగ్గలేదు.