ఉప్పుగాలిలో పాత పికప్

అండమాన్ దీవులలో వాహనమునకు వయస్సు కంటె ఉప్పుగాలి పెద్ద శత్రువని ఇక్కడ పనిచేయు మనకందరికీ విదితమే. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము; చుట్టూ సముద్రము. విడిభాగములు విశాఖపట్నము నుండియో, చెన్నై నుండియో దాదాపు 1,200 కిలోమీటర్లు నౌకలో రావలెను. ఒక్క బండి నిలిచిపోయిన, తెగిన తీగను కలుపవలసిన సిబ్బంది కూడ నిలిచిపోవుదురు.

2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వరంగ సంస్థల వాహనములకు 15 సంవత్సరములు నిండిన పిమ్మట రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు. అనగా పదేళ్ళు నడిచిన పికప్‌కు మిగిలినవి ఐదేళ్ళే. ఆ ఐదేళ్ళను షెడ్డులో కాక పనిలో గడుపునట్లు దానిని సిద్ధపరచుట ఎట్లో ఇచ్చట ముచ్చటింతము.

మొదట చూడవలసినది ఛాసిస్. తుప్పు మీదనే నల్లరంగు పూసినచో లోపలి తేమ బయటకు పోక ఇనుమును తినివేయును. కావున తుప్పును పూర్తిగా గీకి, జింకు ప్రైమరు వేసి, ఆపై రంగు వేయవలెను. తలుపుల అడుగున నీరుపోవు రంధ్రములలో మట్టి లేకుండ చూడవలెను.

వెనుక బాడీలో అల్యూమినియం రేకు పరచుట చూపులకు బాగుండును. కాని ఇనుమును, అల్యూమినియమును ఉప్పునీరు తాకినచోట లోహము త్వరగా చెడును; రేకు క్రింద నీరు కూడ నిలుచును. దానికంటె సందులు విడిచి బిగించిన చెక్క పలకలు మేలు. అవి ఆరును, పాడైనదానిని విడిగా మార్చవచ్చును.

పనిముట్ల పెట్టెను క్యాబిన్‌కు ఆనించి, వీలైనంత క్రిందుగా అమర్చవలెను. బరువు వెనుక చక్రములను దాటి పోయినచో ముందు చక్రములకు పట్టు తగ్గును. అనుమతించిన భారము 1,000 కిలోలనుకొందము. పెట్టె, పలకలు, నిచ్చెన స్టాండు కలిసి 150 కిలోలైనచో మిగిలినది 850 కిలోలే. 200 లీటర్ల నీటి పీపాలు నాలుగు ఎక్కించిన, నీరే 800 కిలోలు! ఇక మనుషులను వెనుక ఎక్కించుట ఎంతమాత్రము తగదు. బాడీ నిర్మాణమును మార్చదలచినచో 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి ముందుగా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పొందవలెను.

శ్రీ విజయపురము, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయిర్, నుండి డిగ్లీపూర్ వైపు పోవు జాతీయ రహదారిపై జిర్కాటాంగ్ దాటిన పిమ్మట జారవాల రక్షిత ప్రాంతము వచ్చును. అక్కడ వాహనములు నిర్ణీత వేళలలో వరుసగా సాగవలెను. మధ్యలో మెకానిక్ దొరకడు. కావున ఫ్యాను బెల్టు, డీజిల్ ఫిల్టరు, రేడియేటరు గొట్టము, ఫ్యూజులు, జాకీ, జాకీ క్రింద వేయుటకు మందపు పలక పెట్టెలో ఎల్లప్పుడు ఉండవలెను. నీటిలో దిగిన బండికి గేరు ఆయిల్ పాలవలె తెల్లబడినదేమో చూచి, తెల్లబడినచో వెంటనే మార్చవలెను.

అన్నింటికన్న ముఖ్యము, సాయంత్రము మంచినీటితో అడుగుభాగమును కడుగుట. ధనిఖారి డ్యాము నీటిపై ఆధారపడు మన పట్టణములో వేసవిలో ఇది కష్టమే. అయితే 100 చదరపు మీటర్ల షెడ్డు కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిసిన, సుమారు 1,000 లీటర్ల నీరు లభించును. ఒక గొట్టము, ఒక ట్యాంకు ఉన్న చాలును. కడిగిన పిమ్మట బ్రేకులను రెండుమూడు మారులు తొక్కి ఆరనిచ్చి, డీజిల్ ట్యాంకు నింపి నిలుపవలెను. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రివేళ తేమ నీరుగా మారును.

ఈ పనులకు పట్టునది అరగంట. క్వార్టర్ల ముందు నిలిచిన మన స్కూటర్లకు కూడ ఇదే ఉప్పుగాలి తగులుచున్నది. ఆదివారమునాడు పిల్లల చేత ఒక బకెట్టు వాననీటితో వాటిని కడిగించిన, ఈ పాఠము ఇంటికి కూడ ఉపకరించును.