రంగు ఆఖరుకు, కాయిదం మొదలు

వెల్గటూర్ల మా ఇంటి ముంగట యాపచెట్టు కింద ఒక జీపు ఉన్నది. 1990 మోడల్ మహీంద్రా ఎంఎం 540. నంబరు ప్లేటు మీద ఏపీ 15 అని ఉంటది. అంటే జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి అన్నీ కరీంనగర్ జిల్లలనే ఉన్నప్పటి బండి. రెండేండ్ల సంది దాన్ని ఇంట్లనే బాగు చేస్తున్న.

తొవ్వపొంటి పోయేటోళ్లు రెండు మాటలు అడుగుతరు. పెద్దమనుషులేమో “గీ పాత ఇనుము మీద గిన్ని పైసలెందుకురా?” అంటరు. ఫోన్ల వీడియోలు చూసే పోరగాండ్లేమో “అన్నా, మేం సుత గట్ల చెయ్యొచ్చా?” అంటరు. రెండింటికీ జవాబు ఉన్నది. కని ఆ జవాబు నాకు తెలివితోటి రాలే, తప్పు చేసినంకనే వచ్చింది. గందుకే ముందుగాల నా తప్పు సంగతే చెప్త.

బాపు ఆ జీపును సర్వీసు నడిపిండు. రాయపట్నం, ధర్మపురి, జగిత్యాల ఆయన తొవ్వ. ఊరూరికి ఆటోలు రాకముందు బస్సు అందనోళ్లకు జీపే బస్సు. ఎనుక పదిమంది, ముంగట నలుగురు, పక్కలకు ఏలాడుకుంట ఇద్దరు. ధర్మపురి నర్సన్న జాతరప్పుడైతె లెక్కనే లేదు. పురిటినొప్పుల ఆడోళ్లను జగిత్యాల దవఖానకు కొంచవోయింది సుత గా జీపుల్నే. సొంత బండిని గట్ల కిరాయికి నడుపుడు చట్టానికి తప్పే. అప్పట్ల శానమంది గట్లనే బతికిన్రు.

ఆటోలొచ్చినంక గిరాకి పోయింది. జీపు యాపచెట్టు కిందికి చేరింది. 2021ల బాపు పోయిండు.

అప్పుడు నేను షార్జాల ఒక గ్యారేజిల డెంటింగు, పెయింటింగు పని చేస్తున్న. మా గ్యారేజికి ఒక 1967 ఫోర్డ్ ముస్తాంగ్ వచ్చింది. కప్పు మడిచి ఎనుకకు పడేసే మోడల్, కన్వర్టిబుల్ అంటరు. 1964 ఏప్రిల్ల ముస్తాంగ్ మార్కెట్లకు వచ్చిన కాలం సంది సుత ఈ మోడల్ ఉన్నది. మామూలు సైజు బండిల పెద్ద వీ8 ఇంజను బిగిస్తె దాన్ని అమెరికోళ్లు మజిల్ కార్ అంటరు, అంటే కండలున్న కారు.

ఈ కార్లకూ మనకూ ఒక లంకె ఉన్నది. ఇన్సూరెన్సు ధరలు, పొగ రూల్సు ఆ కార్లను అప్పటికే ఇరుకున పెట్టినయి. 1973 అక్టోబరుల అరబ్బు దేశాలు అమెరికాకు చమురు బంద్ పెట్టినయి. కొన్ని నెలలల్ల చమురు ధర నాలుగింతలకు దగ్గర పోయింది. పెట్రోలు తాగే బండ్ల జోరు అక్కడ తగ్గింది. అదే చమురు పైసలతోటి గల్ఫ్ ల పట్నాలు లేచినయి. ఆ పట్నాలు కట్టెతందుకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కుల నుంచి మనోళ్లు ఇమానం ఎక్కిన్రు. ఆ కారును పండవెట్టిన చమురే మా అసోంటోళ్లను షార్జాకు పిలిచింది.

ముస్తాంగ్ మీద పని చేసుకుంట నేను నేర్సుకున్న మొదటి పాఠం ఇది. చెప్పుల డబ్బాకు మూత ఉంటె గట్టిగుంటది. మూత తీసి రెండు మూలలు పట్టి తిప్పుండ్రి, మెలి తిరుగుతది. కారు సుత అంతే. ముస్తాంగ్‌కు కింద వేరే చాసిస్ ఉండది. బాడీనే చాసిస్. కప్పు లేని మోడల్‌ల బలమంత నేల రేకులల్ల, తలుపుల కింది పట్టీలల్ల ఉంటది. ఆ పట్టీలకే జంగు పడితె బండి నడుమ కుంగుతది, తలుపులు సరిగ పడవు. గందుకే కుళ్లిన రేకు కోసేముందు తలుపు సందుల కొలత రాసుకోవాలె. లోపట ఇనుప పైపులు అడ్డంగ వెల్డింగు చేసి బాడీని కట్టెయ్యాలె. అటెనుకనే కోసుడు. గట్ల చెయ్యకపోతె బండి వంకరపోతది, మళ్ల సక్కగ రాదు.

ఆ కారు మీద ఏడాది పని నడిచింది. అందుల రంగు పని ఆఖరి నెలనే. మిగిలిన కాలమంత కోసుడు, కొలుసుడు, అతుకుడు. నేను కండ్లార చూసిన. చూసి సుత ఇంటికొచ్చి ఏం చేసిన?

2022ల నెలన్నర సెలవు మీద వచ్చిన. బాపు జీపును పది దినాలల్ల ముస్తాంగ్ తీర్గ ఎర్రగ చేద్దామనుకున్న. కుళ్లిన కాడల్ల లప్పం పెట్టిన. రుద్ది, మీదికెళ్లి మెరిసే ఎర్ర రంగు కొట్టిన. ఊరంత చూసి మెచ్చుకున్నరు, ఫొటోలు దిగిన్రు. నేను మళ్ల ఇమానం ఎక్కిన. ఒక్క వానకాలం గడిచింది. తమ్ముడు ఫోన్ల ఫొటో పంపిండు. రంగంత బుడ్డలు బుడ్డలు లేచింది. ఎనుక పక్క లప్పం పెచ్చు ఊడి చెయ్యి దూరేంత తూటు పడ్డది. కింద ఒక మాట రాసిండు: “అన్నా, పాత సామానాయనకు అమ్ముతున్న.”

కోపమొచ్చింది నాకు. ఫోన్ చేసి ఒర్రిన. వాడు నిమ్మలంగ అన్నడు, “నువ్వు జీపుకు రంగేసి పోయినవ్. బాపును దవఖానల తిప్పింది నేను. ఆ బిల్లుల అప్పు ఇంకా ఉన్నది.” నా నోట్లె మాట లేదు. వాడు అడుగుతున్నది ఇనుము ధర కాదు.

2023ల నేను పూరాగ వాపస్ వచ్చిన. అప్పుల సగం నేను తీసుకున్న. జీపు సంగతి ఈసారి సరైన వరుసల మొదలువెట్టిన. ఆ వరుసనే మీకు చెప్త.

మొదలు కాయిదం. పాన పట్టేముందు ఆర్సీ తీసి చూడుండ్రి. అందులున్న చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీదున్న నంబర్లతోటి కలవాలె. నంబరున్న కాడ జంగు ఉంటె గ్రైండరు పెట్టొద్దు, కిరసనాయిలు, మెత్తటి బ్రష్షుతోటి తుడువాలె. ఓనరు చనిపోతె వారసుడు 30 దినాలల్ల ఆర్టీఏకు తెలుపాలె, మూడు నెలలల్ల ఫారం 31 పెట్టాలె. మేం పెట్టలే. గిప్పుడు పెట్టాలంటె తమ్ముని ఒప్పుదల సంతకం కావాలె. వాడు అప్పుడే చెయ్యలే. “ముందుగాల ఏం చేస్తవో చూస్త” అన్నడు.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు నడుస్తది. అటెనుక ఐదేండ్లకోసారి మళ్ల చేయించుకోవాలె. కేంద్రం ఆ ఫీజును కారు, జీపులకు 2022 ఏప్రిల్ 1 సంది 5,000 రూపాయలు చేసింది. 2025 ఆగస్టుల, 20 ఏండ్లు దాటినయిటికి 10,000 చేసింది. “మాది వింటేజ్ బండి” అనుకుంటె కుదరది. 2021 రూల్సు ప్రకారం 50 ఏండ్లు నిండితెనే వింటేజ్. దానికి వేరే నంబరు సిరీస్ ఇస్తరు, రోజు తొవ్వల తిప్పనియ్యరు. మా జీపు ఆ లెక్కకు 2040ల వస్తది.

ఇంకో సంగతి పోరగాండ్లు చెవిల ఏసుకోవాలె. హర్యానల మండీ డబ్వాలీ అనే ఊరు మార్చిన ఓపెన్ జీపులకు పేరువడ్డది. పెద్ద టైర్లు, వేరే ఇంజను, కోసిన బాడీ, చూస్తె కండ్లు మెరుస్తయి. కని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు సుత అదే చెప్పింది. బాగుచేసుడు వేరు, మార్చుడు వేరు.

రెండోది ఇప్పుడు. బోల్టు తీసేముందు ఫోన్ల ఫొటో తియ్యుండ్రి. తీసిన బోల్టులను ఏ భాగానివి ఆ డబ్బల ఏసి పేరు రాయుండ్రి. పట్టేసిన బోల్టుకు డీజిలు పోసి రెండు దినాలు ఇడిసిపెట్టుండ్రి. వట్టి జాకీ మీద నిలవెట్టి బండి కిందికి దూరద్దు. ఇనుప స్టాండ్లు, లావాటి కట్టె మొద్దులు పెట్టాలె. పాత బ్రేకు లైనింగులల్ల ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలికొట్టి లేపొద్దు, తడిపి తుడువాలె.

మూడోది జంగు. జీపు ఈ లెక్కల ముస్తాంగ్ కంటె నయం. కింద నిచ్చెన అసోంటి గట్టి చాసిస్ ఉంటది, బాడీ తొట్టిని దాని మీద బిగిస్తరు. తొట్టిని పూరాగ పైకి లేపి పక్కకు పెట్టొచ్చు. చాసిస్‌ను సుత్తెతోటి చిన్నగ కొట్టుకుంట పోవాలె. ఖంగుమంటె మంచిగున్నట్టు. బొద్దు చప్పుడైతె లోపట తిన్నట్టు. కుళ్లిన రేకును మంచి ఇనుము దొరికేదాక కోసి కొత్త రేకు అతకాలె. పలుచటి రేకుకు ఆర్క్ వెల్డింగు తూట్లు పెడ్తది. సీఓటూ వెల్డింగుతోటి బొట్లు బొట్లుగ, ఎడం ఎడంగ పెట్టాలె. డీజిలు ట్యాంకు ఖాళీగున్నా దానికి వెల్డింగు ముట్టియ్యొద్దు, లోపలి ఆవిరి పేలుతది.

నాలుగోది ఇంజను. ఎంఎం 540కి ఉన్నది ప్యూజో డిజైన్, 2,112 సీసీ డీజిల్ ఇంజను. ఏండ్ల తరబడి పండిన ఇంజనుకు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు, పిస్టన్ రింగులు పట్టేసి ఉంటె ఇరుగుతయి. ఇంజెక్టర్లు తీసి, సిలిండర్లల్ల కొంచెం ఇంజనాయిలు పోసి, రెండు దినాలు ఆగి, చేత్తోని తిప్పి చూడాలె. తిరిగితె సగం పని అయినట్టే. మాది మూడో దినం తిరిగింది. పాత డీజిలు పారవోసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చినంకనే స్టార్టు చేసినం. ఎలుకలు కొరికిన వైరింగుకు టేపు చుట్టకుండ పూరా కొత్తది ఏసినం.

ఐదోది బ్రేకులు. ముందుగాల నేను దీన్ని ఎనుకకు జరిపిన. ఇంజను చప్పుడు ఇన్న సంబురంల బండిని ఆకిట్ల కదిలియ్యబోయిన. తమ్ముడు ముంగటికొచ్చి నిలవడ్డడు. “ఎనుక సీట్ల అవ్వ కూసుంటది. బ్రేకులు చేసినంకనే కదులు” అన్నడు. వాడు జీపును మనది అన్నట్టు మాట్లాడింది అప్పుడే.

మా జీపుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకాయిలు గాలిలున్న తేమను గుంజుకుంటది. ఏండ్లు గడిస్తె పైపులు, సిలిండర్లు లోపట్నే తింటయి, పైకి కనవడది. గందుకే మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్లు, పైపులు, రబ్బర్లు అన్నీ కొత్తయి ఏసినం. ఆ పనంత ఇద్దరం కలిసి చేసినం. పెడలు వాడు తొక్కిండు, గాలి నేను తీసిన. పని అయిన రాత్రి వాడే ఫారం 31 అడిగి సంతకం పెట్టిండు. ఏం మాట్లాడలే.

ఆఖరుకు రంగు. గీకిన ఇనుమును ఒక్క రాత్రి సుత వట్టిగ ఉంచొద్దు. మాది గోదారి ఒడ్డు ఊరు, వానకాలం తెల్లారేసరికి ఎర్ర పొర కడ్తది. గీకిన దినమే ప్రైమర్ కొట్టాలె. హార్డెనర్ కలిపే రంగులకు మామూలు గుడ్డ మాస్కు సాలది, ఆ ఆవిరి ఊపిరితిత్తులను పట్టుకుంటది. ఎదురుగాలి లేని కాడ, సరైన ఫిల్టర్ మాస్కుతోటి చెయ్యాలె. నేను గల్ఫ్ ల మొదటి రెండేండ్లు గది తెల్వకనే చేసిన. ఇప్పటికీ చలికాలం దగ్గు ఇడువది. టాపు గుడ్డ, సీట్ల రెగ్జిన్ జగిత్యాలల ఆటోల టాపులు కుట్టేటోళ్లే కుడ్తరు. పాత టాపును పారెయ్యకుండ కొలతకు ఇస్తె సాలు.

ఖర్సు సంగతి దాచను. గిప్పటిదాక పెట్టిన పైసలతోటి నడిచే పాత కారు ఒకటి వచ్చేది. లాభానికైతె ఈ పని చెయ్యొద్దు. అప్పు తెచ్చి అస్సలు చెయ్యొద్దు. ఇంట్ల ఒప్పుకోకుంటె ఆగుండ్రి. చేస్తె మాత్రం సూపెతందుకు చెయ్యకుండ్రి, నడిపెతందుకు చెయ్యుండ్రి.

పాత ఇనుము ఎందుకు అనే పెద్దమనుషులకు ఒక్క మాట. మా మండలంల కోటిలింగాల ఉన్నది. శాతవాహనుల నాణేలు దొరికిన జాగ. చేతిల పట్టెంత చిన్న నాణెం మీద అక్షరాలు సదివి రెండు వేల ఏండ్ల కిందటి సంగతి చెప్పిన్రు. ఆ నాణేలను ఎవ్వరూ తూకానికి అమ్మద్దంటం. మన నాయినలు ఎట్ల బతికిన్రో చెప్పే వస్తువులను మాత్రం కిలోల లెక్క ఏస్తం. అన్నీ దాచలేం, నిజమే. ఊరికొక్కటి అయినా ఉంచొచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చిన తమ్ముండ్లకు ఇంకో మాట. వెల్డింగు, డెంటింగు, ఇంజను పని నేర్సుకొని వచ్చినోళ్లు మన ఊర్లల్ల మస్తుమంది ఉన్నరు. వచ్చినంక ఆ పనిని చిన్నతనమనుకొని పక్కకు పెడ్తున్నరు. పెట్టెల తెచ్చిన సామాను ఏడాదికి పాతవడ్తది. చేతిల తెచ్చిన పని పాతవడది. నలుగురు పిలగాండ్లను పక్కన కూసోవెట్టుకొని నేర్పుండ్రి.

మా జీపు గిప్పుడు ప్రైమర్ మీద ఉన్నది. వచ్చే నెల ఆర్టీఏ ఆఫీసుల తనిఖీకి కొంచవోవాలె. అంతకుముందు రంగు పడాలె. నాకు ఇంకా ఎర్ర రంగు మీదనే పానం ఉండె. తమ్ముడు ఆర్సీ తెచ్చి రంగు కాడ ఏలు పెట్టి చూపిచ్చిండు. తెలుపు అని ఉన్నది. నేను 2022ల ఏసిన ఎర్ర రంగు కాయిదానికి సుత తప్పేనన్నట్టు.

తెలుపే ఏస్తున్నం. బాపు ఉంచింది సుత అదే.