వేగం – వివేకం

‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు మన పెద్దలు. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ వారే. పైకి పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు మాటలూ ఒకే మనిషికి ఒకే సమయంలో అవసరమయ్యే వృత్తులు కొన్ని ఉన్నాయి. కారు పందేల డ్రైవరు వృత్తి అటువంటిది. క్షణం ఆలస్యమైతే విజయం చేజారుతుంది. క్షణం తొందరపడితే ప్రాణమే పోవచ్చు. ఈ రెంటి నడుమనున్న సన్నని దారిలో నడిచి, వేగంతోపాటు వివేకాన్నీ లోకానికి చూపినవాడు ఆస్ట్రియా దేశీయుడు నికీ లౌడా. ఆయన వృత్తిజీవితాన్ని పరిశీలిస్తే, ధైర్యమనే మాటకు మనం సాధారణంగా చెప్పుకొనే అర్థం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

లౌడా కథలోకి ప్రవేశించే ముందు ఆయన చేపట్టిన వృత్తి స్వరూపాన్ని కొంత తెలుసుకోవాలి. కారు పందేలలో అత్యున్నత శ్రేణికి చెందినవి ఫార్ములా వన్ పోటీలు. ‘ఫార్ములా’ అంటే కారు బరువు, ఇంజను పరిమాణం మొదలైన అంశాలపై విధించిన నిబంధనల సముదాయం. ఈ కారులో ఒక్కరే కూర్చుంటారు. చక్రాలకు పైకప్పు ఉండదు. తిన్నని మార్గంలో దీని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. 1950లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగంగా ఏటా వివిధ దేశాలలో పోటీలు జరుగుతాయి. ఒక్కొక్క పోటీని ‘గ్రాండ్ ప్రి’ అంటారు. లౌడా కాలంలో మొదటి ఆరు స్థానాలు పొందినవారికి వరుసగా 9, 6, 4, 3, 2, 1 పాయింట్లు లభించేవి. సంవత్సరాంతానికి అందరికంటె ఎక్కువ పాయింట్లు సాధించిన డ్రైవరును విశ్వవిజేతగా ప్రకటించేవారు.

ఇటువంటి కారును నడపడమంటే కేవలం స్టీరింగు తిప్పడం కాదు. మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు డ్రైవరు మెడపైనా, భుజాలపైనా విపరీతమైన ఒత్తిడి పడుతుంది. వేడిని తట్టుకోవాలి. గంటన్నరకు పైగా ఏకాగ్రత సడలకూడదు. కారులోని లోపాన్ని తన శరీరంతో పసిగట్టి ఇంజనీర్లకు అర్థమయ్యేటట్లు వివరించగలగాలి. వీటన్నింటికి తోడు ధనం కావాలి. నేటి డ్రైవర్లలో అధికసంఖ్యాకులు బాల్యంలోనే ‘గో-కార్ట్’ అనే చిన్న బండ్లతో సాధన మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పైకి వస్తారు. ప్రతి మెట్టుకూ భారీ వ్యయం తప్పదు. ప్రతిభ ఉండి కూడా ఆదుకొనేవారు లేక మధ్యలో నిలిచిపోయినవారు ఎందరో ఉన్నారు.

లౌడా 1949 ఫిబ్రవరి 22వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. ఆయనది సంపన్న కుటుంబం. తాత హన్స్ లౌడా పేరుపొందిన పారిశ్రామికవేత్త. మనుమడు కూడా వ్యాపారంలో స్థిరపడాలని కుటుంబం ఆశించింది. లౌడా మనసు మాత్రం కార్లపైనే లగ్నమైంది. 1968లో ఒక చిన్న కారుతో కొండదారి పందెంలో పాల్గొని ఆయన ఈ రంగంలో అడుగుపెట్టాడు. ఇంటివారు ససేమిరా ఒప్పుకోలేదు. అయినా ఆయన వెనుదీయలేదు. తన జీవిత బీమానే పూచీగా పెట్టి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. ఆ సొమ్ము చెల్లించి ‘మార్చ్’ అనే జట్టులో స్థానం సంపాదించాడు. 1971లో స్వదేశంలోనే తొలిసారి ఫార్ములా వన్ పోటీలో దిగాడు. తరువాతి సంవత్సరం ఆ జట్టు కారు ఏమాత్రం రాణించలేదు. చేతిలో విజయం లేదు. తలమీద అప్పు మాత్రం మిగిలింది. ఆ పరిస్థితిలోనూ మరొక అప్పు ఏర్పాటు చేసుకొని 1973లో ‘బీఆర్‌ఎం’ జట్టులో చేరాడు. బాగా నడిపితే తప్ప ఆ రుణం తీరే మార్గం లేదు.

బీఆర్‌ఎం జట్టులో లౌడాకు సహచరుడైన క్లే రెగజోని మరుసటి ఏడాది ఇటలీకి చెందిన ప్రఖ్యాతమైన ఫెరారీ జట్టుకు మారాడు. లౌడా ప్రతిభను కళ్లారా చూసినవాడు కనుక ఆయన పేరును ఆ జట్టుకు సిఫారసు చేశాడు. ఆ విధంగా 1974లో లౌడా ఫెరారీలో ప్రవేశించాడు. అక్కడ ఆయన ప్రత్యేకత బయటపడింది. పందెం నాడు సాహసం చేయడంకంటె, పందేనికి ముందు నెలల తరబడి కారును పరీక్షించి సరిదిద్దడంపై ఆయన ఎక్కువ శ్రద్ధ చూపాడు. లోపం కనబడితే ఎవరి ముందైనా నిర్మొహమాటంగా చెప్పేవాడు. ఇంజనీరు మౌరో ఫోర్గియేరితో కలిసి ఆయన చేసిన కృషి ఫలించింది. 1975లో ఐదు పోటీలు గెలిచి లౌడా విశ్వవిజేత అయ్యాడు. ఫెరారీ డ్రైవరుకు ఆ గౌరవం దక్కడం 1964 తరువాత అదే మొదలు.

1976లో కూడా లౌడా జైత్రయాత్ర కొనసాగింది. సగం పోటీలు ముగిసేసరికి ఆయన మిగిలినవారికంటె చాలా ముందున్నాడు. ఆ దశలో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో పోటీ జరగవలసి వచ్చింది. అడవులు, కొండల మధ్యగా సాగే ఆ మార్గం ఒక చుట్టు పొడవే దాదాపు 23 కిలోమీటర్లు. అంత దూరం పొడవునా అగ్నిమాపక సిబ్బందినీ, వైద్యులనూ నిలపడం సాధ్యం కాదని, కనుక అక్కడ పోటీ జరపరాదని లౌడా వాదించాడు. తోటి డ్రైవర్లను బహిష్కరణకు ప్రోత్సహించాడు. అధిక సంఖ్యాకులు అంగీకరించలేదు. లౌడా భయపడింది తన నైపుణ్యం చాలదని కాదు. అంతకుముందు సంవత్సరమే ఆ మార్గాన్ని ఏడు నిమిషాలలోపు చుట్టివచ్చిన దిట్ట ఆయన. మార్గాన్ని బాగా ఎరిగినవాడు కాబట్టే అందులోని అపాయాన్ని కూడా బాగా ఎరుగును.

1976 ఆగస్టు 1వ తేదీన ఆయన భయపడినంతా జరిగింది. రెండవ చుట్టులో లౌడా కారు అదుపు తప్పి గట్టును ఢీకొని, తిరిగి మార్గం మీదికి వచ్చి మంటలలో చిక్కుకుంది. వెనుక నుంచి వచ్చిన మరొక కారు దానిని ఢీకొట్టింది. లౌడా తలకు ఉన్న హెల్మెట్ ఊడిపోయింది. ఆయనను బయటికి లాగినవారు తోటి డ్రైవర్లే. ఆర్తూరో మెర్జారియో, గై ఎడ్వర్డ్స్, బ్రెట్ లంగర్, హరాల్డ్ ఎర్టల్ తమ పోటీని పక్కనపెట్టి మంటలలోకి చేతులు చాచారు. లౌడా తల, ముఖం తీవ్రంగా కాలిపోయాయి. కుడి చెవిలో కొంతభాగం పోయింది. విషవాయువులు పీల్చడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో ఆయన స్థితి చూసి ఆశ వదలుకొని, మరణాసన్నులకు చేసే మతకర్మను మతాచార్యుడు జరిపించాడు.

అయితే లౌడా మరణించలేదు. ‘పోయినచోటే వెతుక్కోవాలి’ అనే సామెత ఆయనకు తెలియకపోయినా, దాని సారం ఆయనకు తెలుసు. ఇంటిలో కూర్చొని ఆలోచిస్తూ ఉంటే భయం పెరుగుతుందే కాని తరగదని గ్రహించాడు. కేవలం ఆరు వారాల తరువాత, సెప్టెంబరు 12వ తేదీన ఇటలీలోని మోంజాలో తిరిగి పోటీలో పాల్గొన్నాడు. తలకు కట్లు ఉన్నాయి. వాటికి నెత్తురు అంటుకొని ఉంది. మొదటి రోజున కారులో కూర్చున్నప్పుడు భయంతో వణికిపోయానని ఆయన తరువాత దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆ భయాన్ని అణచుకొని పోటీలో నాల్గవ స్థానం సాధించాడు. ఈ పునరాగమనం క్రీడాచరిత్రలోనే అరుదైనదని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

కాని ఆ సంవత్సరం లౌడా చూపిన గొప్ప ధైర్యం మోంజాలో కాదు, జపానులో కనబడింది. చివరి పోటీ అక్టోబరు 24వ తేదీన ఫుజీ పర్వత సమీపంలో జరిగింది. అప్పటికి లౌడాకు 68 పాయింట్లు, ఆయన ప్రత్యర్థి, ఇంగ్లండు దేశీయుడైన జేమ్స్ హంట్‌కు 65 పాయింట్లు ఉన్నాయి. ఆనాడు కుండపోతగా వర్షం కురిసింది. పొగమంచు కమ్ముకుంది. ముందు కారు చిమ్మే నీటి తుంపరలలో వెనుకవారికి దారి కనబడలేదు. లౌడా రెండు చుట్లు తిరిగి కారును ఆపివేశాడు. ఇంజను చెడిపోయిందని ప్రకటిద్దామని, దానివల్ల గౌరవం దక్కుతుందని ఫోర్గియేరి సూచించాడు. లౌడా అందుకు ఒప్పుకోలేదు. ఈ పరిస్థితిలో నడపడం ప్రమాదకరమని తానే నిర్ణయించుకొన్నానని స్పష్టంగా చెప్పాడు. హంట్ మూడవ స్థానంలో పోటీ ముగించి నాలుగు పాయింట్లు పొందాడు. 69–68. ఒక్క పాయింటు తేడాతో లౌడా విశ్వవిజేత స్థానాన్ని కోల్పోయాడు.

ఆ నిర్ణయాన్ని పిరికితనంగా భావించి నిందించినవారు ఆనాడు చాలామంది ఉన్నారు. ఒక్క క్షణం ఆలోచిద్దాం. కాలిన గాయాలతో కారెక్కినవాడు పిరికివాడా? చూసేవారి చప్పట్ల కోసం ముందుకు దూకడం సులభం. లోకమంతా చూస్తుండగా ఆగిపోవడం, ఆగినందుకు అబద్ధపు కారణం చెప్పకుండా ఉండడం కష్టం. లౌడా దృష్టిలో ప్రమాదం అనేది లెక్కించవలసిన విషయం. కొంత ప్రమాదాన్ని ఈ వృత్తిలో అంగీకరించక తప్పదు. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో నిర్ణయించుకొనే హక్కు మాత్రం కారు నడిపేవానిదే.

లౌడా నిర్ణయం ఆయన సామర్థ్యాన్ని తగ్గించలేదని తరువాతి సంవత్సరమే రుజువైంది. 1977లో ఆయన రెండవసారి విశ్వవిజేత అయ్యాడు. ఆ తరువాత ‘బ్రాబమ్’ జట్టుకు మారాడు. 1979లో కెనడా పోటీకి సాధన చేస్తూ, ఇక ఈ పనిలో తనకు ఆనందం లేదని గుర్తించి హఠాత్తుగా విరమించుకున్నాడు. విమానం నడపడం నేర్చిన ఆయన ‘లౌడా ఎయిర్’ అనే సంస్థను స్థాపించాడు. 1982లో ‘మెక్‌లారెన్’ జట్టు తరఫున తిరిగి వచ్చి, ఆ ఏడాది మూడవ పోటీలోనే విజయం సాధించాడు. 1984లో తనకంటె వేగవంతుడైన యువ సహచరుడు అలెన్ ప్రోస్ట్‌తో తలపడ్డాడు. ప్రోస్ట్ ఏడు పోటీలు గెలిచాడు. లౌడా ఐదే గెలిచాడు. అయినా నిలకడగా పాయింట్లు కూడబెట్టి 72–71.5 తేడాతో లౌడా మూడవసారి విశ్వవిజేత అయ్యాడు. మొనాకో పోటీ వర్షం వల్ల మధ్యలో నిలిచిపోగా సగం పాయింట్లే ఇవ్వడంతో ఈ అరపాయింటు ఏర్పడింది. ఆ చాంపియన్‌షిప్ చరిత్రలో అంతకంటె స్వల్పమైన తేడా లేదు. 1985లో ఆయన డ్రైవరు వృత్తి నుంచి శాశ్వతంగా తప్పుకొన్నాడు. అప్పటికి ఆయన గెలిచిన పోటీలు 25.

పందేల మార్గాన్ని విడిచినా ప్రమాదం లౌడాను విడువలేదు. 1991 మే 26వ తేదీన బ్యాంకాక్ నుంచి వియన్నాకు బయలుదేరిన లౌడా ఎయిర్ విమానం థాయిలాండ్‌లో కూలిపోయి, అందులోని 223 మందీ మరణించారు. పందెంలో తన ప్రాణాన్ని పణంగా పెట్టడం తన ఇష్టం. కాని టిక్కెట్టు కొని విమానమెక్కినవారు క్షేమంగా చేరతామని నమ్మి వస్తారు. ఈ భేదం లౌడాను కలచివేసింది. ఆయన స్వయంగా ప్రమాదస్థలానికి వెళ్లాడు. నేలకు దిగిన తరువాత వేగం తగ్గించడానికి వాడే ‘థ్రస్ట్ రివర్సర్’ అనే సాధనం గాలిలో ఉండగానే దానంతటదే తెరుచుకొన్నదని దర్యాప్తులో తేలింది. అటువంటి స్థితిలో విమానాన్ని ఏ పైలటైనా కాపాడగలడా అని లౌడా సిమ్యులేటరులో ప్రయత్నించి చూశాడు. పైలట్ల దోషం లేదని బహిరంగంగా ఒప్పుకోవలసిందిగా నిర్మాణ సంస్థ బోయింగ్‌ను పట్టుబట్టాడు. ఆ తరువాత ఈ సాధనానికి అదనపు రక్షణ తాళాలు అమర్చారు.

2012లో లౌడా మెర్సిడెస్ ఫార్ములా వన్ జట్టుకు అధ్యక్షుడై, లూయిస్ హామిల్టన్‌ను ఆ జట్టులో చేరడానికి ఒప్పించడంలో ముఖ్యపాత్ర వహించాడు. 2019 మే 20వ తేదీన, 70 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆయన వద్దన్న పాత నూర్బర్గ్‌రింగ్ మార్గంలో 1976 తరువాత ఫార్ములా వన్ పోటీ జరగలేదు. నాటి నుంచి ఈ క్రీడలో భద్రత ఎంతో పెరిగింది. ఇది ఏ ఒక్కరి ఘనతా కాదు. జాకీ స్టీవర్ట్ వంటి డ్రైవర్ల పోరాటమూ, ఇంజనీర్ల, వైద్యుల కృషీ ఇందులో ఉన్నాయి. 2020 నవంబరు 29వ తేదీన బహ్రెయిన్‌లో రోమాన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మండిపోయినప్పుడు, ఆయన కాలిన చేతులతో తానే మంటలలో నుంచి బయటికి వచ్చాడు. మొదటి చుట్టులో కార్ల వెంటే వచ్చే వైద్యుల వాహనం అప్పటికే అక్కడికి చేరింది. లౌడా 1976లో కోరినది ఇటువంటి ఏర్పాటునే.

వేగం యువతకు సహజంగా ఇష్టమైనది. మన రహదారుల మీద కూడా వేగాన్నే ధైర్యమనుకొని ప్రాణాలు కోల్పోతున్నవారిని చూస్తున్నాం. అందరికంటె వేగంగా కారు నడపడమే జీవనవృత్తిగా గల మనిషి, విశ్వవిజేత స్థానం చేతికందే దూరంలో ఉండగా, వానలో కారు ఆపి దిగిపోయాడు. మంటలలో నుంచి తిరిగి వచ్చిన ధైర్యమూ, వానలో ఆగిన ధైర్యమూ రెండు కావు. అవి ఒకే వివేకానికి రెండు ముఖాలు.