బ్యాంకు స్థాపించిన రాజనీతిజ్ఞుడు: పట్టాభి సీతారామయ్యగారు



ధనవ్యవహారములను శాస్త్రముగా నెరిగినవారు రాజ్యకార్యములలో ప్రవేశించి పేరుగాంచుట అనేక దేశములలో కలదు. మన కృష్ణాతీరమున అట్టివారెవరని నన్నడిగినచో, డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు ముందుగా చెప్పుదును. ఆయన అర్థశాస్త్రము బోధించిన ఆచార్యులు కారు. పట్టము పుచ్చుకొన్నది వైద్యమున. అయినను బందరులో కూర్చుండి, ఈ లంకల రైతు సొమ్ము ఏ దారిని పోవుచున్నదో లెక్కవేసి, దానిని మరల ఈ నేలకే త్రిప్పజూచిన వారాయన.

పట్టాభిగారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. కలిమిగల యిల్లు కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి. ఏ. చదివి, పిదప వైద్యపట్టము పొంది, 1906 ప్రాంతమున బందరు చేరి వైద్యవృత్తి నారంభించిరి. సుమారు పదియేండ్లు రోగులను చూచి, ఆ వృత్తిని వదలి ప్రజాకార్యములకు దిగిరి. వదలినది ఆదాయము లేని పని కాదని గమనింపవలెను.

ఆనాటి డెల్టా స్థితి నొకమారు తలచుకొందము. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కాలువనీరు గుడివాడ ప్రాంతమునకును, క్రమముగా దివిసీమకును పారి, మెట్టలు మాగాణులయ్యెను. ధాన్యము రాసులుపడెను. రాసులున్నచోట అప్పు లేకుండవలెను గదా! కాని అప్పు తగ్గలేదు. ఏలయన, పంట యేడాదికొకమారు వచ్చును. ఖర్చు పన్నెండు మాసములును ఉండును. సంక్రాంతినాడు రైతుచేత రూకలు గలగలలాడును. ఆ రూకలు కొన్ని బంగారమగును, కొన్ని కుండలోనికి దిగును, కొన్ని బంధువుని ప్రోనోటుమీద నిలుచును. శ్రావణమున నాట్లు పడువేళ అదే రైతు షావుకారు అరుగెక్కి, అడిగిన వడ్డీకి తల యూపి వచ్చును. ఒక వీథిలో సొమ్ము నిద్రించుచుండగా ప్రక్కవీథిలో సొమ్ముకై పొలము తాకట్టుపడుచుండెను.

ఇందుకు బ్యాంకు కావలెనని చెప్పుట సులభము. నమ్మువారెవరు? 1906లో మద్రాసునందు ఆర్బత్‌నాట్ అను ఆంగ్ల వర్తక సంస్థ దివాలా తీసెను. దొరల కంపెనీ గదా యని జీవితకాలపు కూడబెట్టు దానియందుంచినవారు దక్షిణదేశమంతట గగ్గోలుపెట్టిరి. ఆ దెబ్బ తిన్న మద్రాసు ప్రముఖులే మరుసటి సంవత్సరమున ఇండియన్ బ్యాంకును స్థాపించిరి. మన వైపున కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు 1915లో వెలసెను. పట్టాభిగారు సహకారోద్యమమున పనిచేసి, గ్రామసంఘములకు మాత్రమే అప్పిచ్చు వ్యవస్థ చాలదనియు, వర్తకునకు, చిన్న జీతగానికి, రైతునకు తలుపు తెరచియుంచు బ్యాంకొకటి బందరులోనే యుండవలెననియు తలచిరి. అట్లు పుట్టినది ఆంధ్రా బ్యాంకు. 1923 నవంబరు 20న రిజిస్టరయి, అదే నెల 28న పని మొదలిడెను.

దాని మూలధనమును గురించి రెండు అంకెలు చెప్పుదురు: అధికృత మూలధనము 10 లక్షలు, చెల్లించిన మూలధనము 1 లక్ష. మొదటిది, ఎంతమేరకు వాటాలు అమ్ముకొనవచ్చునో కాగితముమీద వ్రాయించుకొన్న హద్దు. రెండవది, వాటాదారులు నిజముగా తెచ్చి పెట్టెలో పోసిన రొక్కము. బ్యాంకునకు నష్టము తగిలినప్పుడు ముందుగా తరుగవలసినది ఈ లక్షయే. మీరు దాచిన డిపాజిట్టు దాని వెనుక నుండును. అందుచేత బ్యాంకు పెద్దదా యని యడుగుటకంటె, వాటాదారుల రొక్కమెంత, అప్పులు ఎవరికిచ్చిరి అని యడుగుట మేలు. ఇంకొక మాట. డిపాజిట్లన్నియు పెట్టెలో నిలువయుంచిన వడ్డీ పుట్టదు. అన్నియు అప్పిచ్చిన, అడిగినవానికి చెల్లింప వీలుండదు. దాచుకొన్నవారందరును ఒకేనాడు రారనెడి అనుభవముమీద కొంత నిలువయుంచి తక్కినది తిప్పుదురు. ఏ పుకారో పుట్టి అందరును ఒకేనాడు వచ్చిరా, మంచి బ్యాంకైనను తట్టుకొనలేదు. కావున బ్యాంకు నడుపువానికి లెక్క వచ్చుట ఒక యెత్తు, ఊరిలో మాట యుండుట ఒక యెత్తు. బందరు డాక్టరుగారికి ఆ రెండును గలవు.

ఆయన దూరదృష్టికి నేను ఎక్కువగా మెచ్చునది మరియొకటి. గుడివాడ ప్రాంతపు వడ్లమన్నాడులో 1927లో భూమి తనఖా బ్యాంకు వెలయుటకు ఆయన కారకులైరి. మామూలు బ్యాంకుండగా మరల ఇదేల? నాట్లకు తెచ్చిన అప్పు కోతలతో తీరును. తాతనాటి బాకీనో, ఆడపిల్లల పెండ్లిండ్లకు వ్రాసిన తనఖానో ఒక పంటతో తీరదు. పది, పదునైదేండ్లు కొద్దికొద్దిగా చెల్లింపవలెను. రేపే వచ్చి తన సొమ్ము అడుగగల డిపాజిటుదారుని ధనమును పదునైదేండ్లకు అప్పిచ్చిన బ్యాంకు నిలుచునా? నిలువదు. కావున తనఖా బ్యాంకు, భూములను హామీగా చూపి, దీర్ఘకాలమునకు ఋణపత్రములు అమ్మి ధనము తెచ్చును. తెచ్చిన గడువునకు సరిపోవు గడువుననే రైతునకిచ్చును. మూడేండ్లు తిరుగకమునుపే ప్రపంచమంతట ఆర్థికమాంద్యము క్రమ్మి ధాన్యము ధర కూలెను. బస్తాకు వచ్చు రూకలు తగ్గెను గాని బాకీ తగ్గలేదు. అట్టి సమయమున స్వల్పకాలపు అప్పులో చిక్కినవానికిని, వాయిదాలపై చెల్లించువానికిని ఎంత భేదమో పొలము పోగొట్టుకొన్న యిండ్లవారు నేటికిని చెప్పుకొందురు.

భీమా సంస్థ 1925లోను, భారతలక్ష్మీ బ్యాంకు 1929లోను ఇట్లే బందరులో వెలసెను. వాని కథ విస్తరింపను.

ఇక రాజకీయము. ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ఆయనకు సహచరులు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఈ మువ్వురి కృషితో బందరున వెలసెను. 1919నుండి ‘జన్మభూమి’ అను ఆంగ్ల వారపత్రికను పట్టాభిగారు నడపిరి. భాషనుబట్టి రాష్ట్రములను విభజింపవలెనని 1916లోనే గ్రంథము వ్రాసిరి. 1918లో కాంగ్రెసు ఆంధ్రులకు ప్రత్యేక శాఖ నొసగుటకు పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఉప్పు సత్యాగ్రహమున చెరకేగిరి. 1935లో కాంగ్రెసు చరిత్రను వ్రాసిరి. 1942 పిదప అహమ్మదునగరు కోటలో నెహ్రూ, పటేలుగార్లతోకూడ బంధింపబడిరి. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాసుబాబుతో పోటీ చేసి, ఆయనకు 1580 ఓట్లు రాగా తాము 1377 ఓట్లు పొంది ఓడిరి. గాంధీగారు దానిని తన యోటమిగా చెప్పుకొనిరి. 1948లో పురుషోత్తమదాసు టండనుగారిపై గెలిచి జయపురపు కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

ఇచ్చటనే ఆయన జీవితమున కఠినమైన ఘట్టము వచ్చెను. భాషారాష్ట్రముల ప్రశ్న తేల్చుటకై జవహరులాలు, వల్లభభాయి, పట్టాభి మువ్వురితో సంఘ మేర్పడెను. 1949 ఏప్రిలులో వారు నివేదిక నిచ్చిరి. దేశము నూతనముగా స్వతంత్రమైనది, ఇప్పుడు విభజనలు వలదు. ఆంధ్రులు మద్రాసు నగరముపై కోరిక వదలుకొన్నచో మాత్రము వారి విషయము యోచింపవచ్చును అని దాని సారాంశము. ముప్పదియేండ్లు ఏ రాష్ట్రమునకై వాదించిరో ఆ రాష్ట్రమును వాయిదావేయు పత్రముపై పట్టాభిగారు సంతకము చేసిరి. ఆంధ్రులలో చాలమంది దీనిని క్షమింపలేదు. నా మతమున, ఆయన స్వజాతిని విడిచిరనుట అన్యాయము; ఆంధ్రుల మాటకు మాత్రమే తలుపు కొంచెము తెరచియుంచుటలో ఆయన చేయి ఉండకపోదు. కాని వాయిదాకు వడ్డీ యుండునని ఆయనకంటె ఎరిగినవారెవరు? 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణము విడచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. మద్రాసు మనకు రాలేదు.

ఈ సందర్భమున పడమటి ఆఫ్రికాఖండపు నైజీరియా దేశస్థుడగు నమ్ది అజికివే గారిని తలచుట యుక్తము. ఆయనయు పత్రిక నడపెను, బ్యాంకు పెట్టెను, తుదకు ఆ దేశాధ్యక్షుడయ్యెను. కాని తాను తూర్పుప్రాంత ప్రభుత్వమునకు పెద్దయై యుండగా ప్రభుత్వ ధనము తన సంబంధము గల బ్యాంకునకు చేరెనని విచారణ జరిగి, 1957లో ఆయన నడత తగినట్లు లేదని తీర్పు వచ్చెను. విదేశీయుల బ్యాంకులు తమవారికి అప్పీయకుండుటచేతనే అట్లు చేసితినని ఆయన వాదము. ప్రజలు మరల ఆయననే ఎన్నుకొనిరి. పట్టాభిగారికి ఈ చిక్కు రాలేదు. బొక్కసము చేతనుండు మంత్రిపదవి నెన్నడును పుచ్చుకొనలేదు. 1952నుండి 1957వరకు మధ్యప్రదేశమునకు గవర్నరుగా నుండిరి. 1959 డిసెంబరు 17న పరమపదించిరి.

ఆయన పిదప బ్యాంకు పెద్ద కార్యాలయము హైదరాబాదు చేరెను. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు దీనిలో కలిసెను. 1980 ఏప్రిలు 15న ప్రభుత్వపరమయ్యెను. నా ఉపాధ్యాయ వేతనమును, పిదప పింఛనును ఆ బ్యాంకులోనే పుచ్చుకొంటిని. మా తండ్రిగారి పాస్‌బుక్కు అట్టమీది పేరును చూచియే నేను అక్షరములు కూడబలుకుకొంటిని. 2020 ఏప్రిలు 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేరైనను నిలుపుడని తెలుగువారు పలువురు కోరిరి గాని సాగలేదు. ఖాతాలు చెడలేదు, సొమ్ము పోలేదు; బల్ల మారినది. మొన్న ఒక పిల్లవాడు ఆ పాత పాస్‌బుక్కు చూచి, ఈ బ్యాంకెక్కడ నున్నది తాతగారూ యని యడిగెను. బందరులో పుట్టినదని చెప్పి, 1923నాటి ఆ లక్ష రూపాయల లెక్క వానికి పలకమీద వ్రాసి చూపితిని.