వృద్ధులు నడచు బాట



వృద్ధుడు వీధిలో పడినపుడు "వయసు మీఱినది" అనుచుందుము. తప్పు వయసుది మాత్రమే కాదు, బాటది కూడ అని నా మనవి. ముదిమిలో తుంటియెముక విఱిగినవారు పలువురు మఱల వెనుకటివలె నడువజాలరు; గుడికిని, రచ్చబండకును దూరమగుదురు.

20 ఏండ్లవాని కంటిలోనికి చేరు వెలుగులో ఇంచుమించు మూడవవంతే 60 ఏండ్లవాని కంటిలోనికి చేరును. కావున మసకవేళ బాటలోని ఒంటిమెట్టు ఆయనకు కానరాదు. మెట్లవరుసను చూచి యెవరైనను జాగ్రత్తపడుదురు. ఒంటిమెట్టే మోసము చేయును. మెట్ల యెత్తులు సమముగా లేకున్నను కాలు తడబడును. ఏలయన, పాదము మొదటిమెట్టు కొలతనే నమ్మి సాగును.

నివారణము కష్టము కాదు. మెట్ల యంచులకు తెల్లని గీత గీయింపుడు. ఒంటిమెట్టును తీసి, 1 అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవున వాలుబాట వేయింపుడు. చెఱువుమెట్లపై పాచి గీకించి, ఊతకు కమ్మి నాటింపుడు. మురుగుకాలువపై కదలని బండ పఱపింపుడు. నడుమనడుమ చెట్టునీడను అరుగు కట్టింపుడు.

అన్నిటికంటె ముందు, ఒకనాటి సందెవేళ ఊరి వృద్ధునొకని వెంట గుడివఱకు నడువుడు. ఆయన ఆగి, తడుముకొన్న చోట్లనెల్ల గుర్తింపుడు. పంచాయతీ పని అచ్చటనే ఆరంభము కావలయును.