సగటు వెనుక దాగిన సున్నాలు

ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు ప్రారంభించినప్పుడు ఎంచుకున్న ఆరు గ్రామాలలో రెండు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. మిగిలినవి మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. గ్రామానికి 40 కుటుంబాలు, వాటిలో 10 భూమిలేని కూలీ కుటుంబాలు. ఊరిలోనే నివాసమున్న పరిశోధకులు కొన్ని వారాలకొకసారి అవే గడపలకు వెళ్లి పనిదినాలు, కూలి, ఖర్చులు నమోదు చేశారు. నేడు సెల్‌ఫోన్ సాయంతో అటువంటి సమాచారాన్ని ప్రతిదినమూ సేకరించగలుగుతున్నాం. సేకరణ సులభమైంది గాని, చేతికందిన అంకెల విభాజనాన్ని నిదానించి చూసే ఓపిక మాత్రం పెరగలేదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబానికి పాల అమ్మకంవల్ల 30 రోజులూ రోజుకు 100 రూపాయల చొప్పున వచ్చాయి. మరొక కుటుంబానికి 29 రోజులు ఏమీ రాలేదు. చివరిరోజున కూరగాయలు అమ్మగా 3,000 రూపాయలు వచ్చాయి. ఇద్దరి దినసరి సగటూ 100 రూపాయలే. సగటును నమ్మలేక మధ్యగతాన్ని ఆశ్రయించినా చిక్కు తీరదు. 60 అంకెలనూ ఒకే రాశిగా పోస్తే మధ్యగతం కూడా 100 రూపాయలే! విడిగా లెక్కిస్తే మొదటి కుటుంబానికి 100, రెండవదానికి సున్నా. వారం వారం కిస్తీ కట్టే రుణాన్ని సిఫారసు చేసే విస్తరణాధికారి ఈ తేడా గమనించకపోతే, రెండవ కుటుంబం తొలి కిస్తీకే మళ్లీ అప్పు చేయవలసి వస్తుంది.

కనుక విశ్లేషణకు ముందే రెండు చిత్రాలు గీయాలి. కుటుంబాల సగటుల మధ్య వ్యత్యాసం ఒకటి. ఒక్కొక్క కుటుంబంలో రోజుల మధ్య వ్యత్యాసం మరొకటి. అన్ని అంకెలకూ కలిపి గీసిన హిస్టోగ్రామ్‌లో ఇవి కలగలిసిపోతాయి.

సున్నాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కూలి గడిలో సున్నా ఉంటే ఆ రోజు పని దొరకలేదా, జ్వరంవల్ల వెళ్లలేదా, లేక ఎవరూ అడగనే లేదా? మూడవది సున్నా కాదు, ఖాళీ. సున్నాకు సంవర్గమానం లేదు గనుక అన్ని విలువలకూ ఒకటి కలిపి సంవర్గమానం తీయడం పరిపాటి అయింది. ఒకటికి సంవర్గమానం సున్నాయే. ఆ సున్నాల గుట్ట ఉన్నచోటే ఉంటుంది. పని దొరికిందా లేదా అన్నదాన్ని ఒక మోడల్‌గా, దొరికిన రోజున కూలి ఎంత అన్నదాన్ని మరొక మోడల్‌గా పరిశీలించడం మేలు. పైగా సరళ మోడల్‌లో సామాన్య విభాజనాన్ని ఆశించేది అవశేషాల నుంచే గాని ముడి అంకెల నుంచి కాదు. ఈ సంగతిని విద్యార్థులే కాదు, పరీక్షకులూ అప్పుడప్పుడు మరచిపోతారు.

ఇక కాలం సంగతి. వరినాట్ల వారాలలో కనిపించే విభాజనం వేసవిలో ఉండదు. ఏడాది మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపినప్పుడు రెండు శిఖరాలు కనిపిస్తే, అవి రెండు రకాల కుటుంబాలవే కానక్కరలేదు. ఒకే కుటుంబం గడిపిన రెండు ఋతువులవి కావచ్చు. నెలలవారీగా విడదీసి గీస్తే ఏది నిజమో తేలుతుంది.